కల్పన ఎవరి సొత్తు?

వైజ్ఞానిక కల్పనా సాహిత్యమూ, అద్భుత కల్పనా సాహిత్యమూ పలాయనవాదంలో రెండు రకాలేనన్న అభిప్రాయం మన అభ్యుదయ విమర్శకులలో చాలామందికి ఇప్పటికీ వున్నది. ఆ రచనలు చేసినది స్త్రీలైతే అభిప్రాయం మరికాస్త గట్టిపడుతుంది. విద్యార్థుల పఠన శిబిరాలలో పంచిపెట్టే పుస్తకాల పట్టికలు చూడండి. గోర్కీ "అమ్మ" వుంటుంది. "ఏడుతరాలు" వుంటుంది. చెర్నిషెవ్‌స్కీ పేరు వుంటుంది. ఉర్సులా లెగ్విన్ వుండదు, ఆక్టేవియా బట్లర్ వుండదు. బేగం రొకేయా అంటే ఎవరని ఎదురు ప్రశ్న వస్తుంది. ఇదెందుకిలా వున్నదని అడిగితే వచ్చే జవాబు ఒకటే: "ఆకలితో, నిరుద్యోగంతో అలమటించే దేశానికి గ్రహాంతర యాత్రలెందుకండీ?"

ఈ జవాబు వినడానికి చాలా విప్లవాత్మకంగా వుంటుంది. కాని దీనిలో వున్నది వాస్తవిక దృష్టి కాదు, పక్షపాతం. అదెలాగో చూపించడమూ, ఆ పట్టికలోకి రావలసిన కొన్ని పుస్తకాలను పేరుపెట్టి చెప్పడమూ ఈ వ్యాసం ఉద్దేశం.

కల్పన మీద మన గురువులకు అసహ్యమేమీ లేదు. కమ్యూనిస్టు ప్రణాళిక మొదటి వాక్యంలోనే ఒక భూతం తిరుగుతూ వుంటుంది. పెట్టుబడి అనేది సజీవ శ్రమను పీల్చి బ్రతికే రక్తపిశాచమని మార్క్స్ తన మహాగ్రంథంలో వర్ణించాడు. చెర్నిషెవ్‌స్కీ జైలులో కూర్చుని రాయగా 1863లో వెలువడిన "ఏం చేయాలి?" నవలలో వేరా పావ్లొవ్నా ఒక కల కంటుంది. అందులో గాజు మేడలు, అల్యూమినియం సామగ్రి, సమష్టి వ్యవసాయం, సమష్టి భోజనశాలలు అన్నీ వుంటాయి. లెనిన్ ఆ నవల పేరునే తన పుస్తకానికి పెట్టుకున్నాడు. 1902లో వచ్చిన ఆ పుస్తకంలోనే, కలలు కనడం చేతకాని ఉద్యమం ముందుకు పోలేదని పీసరెవ్‌ను సాక్ష్యం తెచ్చి మరీ వాదించాడు. కల కన్నది ఆడది, రాసినవాడు మగవాడు. కనుక అది విప్లవ సాహిత్యమయింది. ఆడది తన కలను తానే రాసుకుంటే అది పలాయనమెలా అవుతుందో మన మిత్రులు చెప్పాలి.

మన తెలుగుకే వద్దాం. వీరేశలింగం పంతులుగారి "రాజశేఖర చరిత్రము" గురించి పాఠం చెప్పని తెలుగు అధ్యాపకుడుండడు. స్విఫ్ట్ "గలివర్ యాత్రలు" ప్రేరణగా ఆయనే 1890ల ప్రాంతంలో "సత్యరాజా పూర్వదేశ యాత్రలు" రాశారు. అందులో సత్యరాజు ఆడుమళయాళమనే దేశం చేరుకుంటాడు. అక్కడ ఏలికలు స్త్రీలు. మన శాస్త్రకారులు స్త్రీలకు విధించిన కట్టుబాట్లు అక్కడ మగవాళ్ల మెడకు చుట్టుకుని వుంటాయి. తమ ఇంటి ఆచారం తమ నెత్తిమీదకే వస్తే ఎలా వుంటుందో చూసి మగపాఠకుడు సిగ్గుపడాలన్నది పంతులుగారి ఎత్తు. మంచి ఎత్తే. దీనిని ఎవరూ పలాయనవాదమనలేదు, సంఘసంస్కరణ అన్నారు. సరిగానే అన్నారు.

1905లో మద్రాసు నుండి వెలువడే "ఇండియన్ లేడీస్ మాగజైన్" అనే ఇంగ్లీషు పత్రికలో "సుల్తానాస్ డ్రీమ్" అనే చిన్న కథ అచ్చయింది. రచయిత్రి బెంగాలుకు చెందిన రొకేయా సఖావత్ హుస్సేన్. అప్పటికామెకు పాతికేళ్లు. ఘోషాలో పెరిగిన పిల్ల; బడి ముఖం చూడలేదు, ఇంగ్లీషు అన్నగారి దగ్గర నేర్చుకున్నది. పత్రికకు సంపాదకురాలు కమలా సత్యనాథన్, తెలుగు కుటుంబంలో పుట్టినామె. అనగా దక్షిణాసియాలో ఒక స్త్రీ రాసిన తొలి వైజ్ఞానిక కల్పనలలో ఒకదానిని చదివి, అచ్చుకు యోగ్యమని నిర్ణయించినది ఒక తెలుగు స్త్రీ. ఇది మనం తరగతిలో చెప్పం.

ఆ కథలోని నారీదేశంలో పురుషులు ఇళ్లలో వుంటారు, స్త్రీలు వీధుల్లో తిరుగుతారు, రాజ్యం చేస్తారు. ఇంతవరకు ఆడుమళయాళమే. తేడా ఇక్కడినుంచి మొదలవుతుంది. అక్కడి స్త్రీల విశ్వవిద్యాలయాలు రెండు. ఒకటి ఆకాశంలోని నీటిని గొట్టాలతో దింపుకునే సాధనం కనిపెట్టింది. రెండవది సూర్యుని వేడిమిని పట్టి నిలవచేసింది. మగవాళ్లు అప్పట్లో సైన్యాన్ని పెంచుకునే పనిలో వుండి ఈ పరిశోధనలను వెక్కిరించారు. తీరా పొరుగురాజు దండెత్తి వచ్చినప్పుడు ఆ సైన్యం ఓడిపోయింది. అప్పుడు స్త్రీలు నిలవచేసిన ఎండవేడిమిని శత్రువుల మీదికి తిప్పి తరిమికొట్టారు. ఆ రోజు లోపలికి పోయిన మగవాళ్లు మళ్లీ బయటికి రాలేదు. వంట ఎండతోనే అవుతుంది, పొగ లేదు. రోజుకు రెండు గంటల పని చాలు. సుల్తానా దేశపు మగవాళ్లు ఏడు గంటలు కచేరీలో కూర్చుని అందులో ఆరుగంటలు చుట్టలు కాలుస్తారట! పంతులుగారి దృష్టి ఆచారాల మీద. రొకేయా దృష్టి ఆ ఆచారాలను నిలబెట్టే పని విభజన మీద, శాస్త్రజ్ఞానం మీద, ఆయుధం మీద. భౌతికవాద దృష్టి ఎవరిది ఎక్కువో మార్క్సిస్టులమని చెప్పుకునే వాళ్లమే తేల్చుకోవాలి.

ఈ కథలో లోపం లేకపోలేదు. నారీదేశానికి రాణి వున్నది, రాణికింద వర్గాలు వున్నవా లేవా అన్న ప్రశ్న రచయిత్రికి రాలేదు. ఒకరిని విడిపించడానికి ఇంకొకరిని లోపల పెట్టడం సమానత్వం కాదు. ఇదంతా తరగతిలో విద్యార్థులే లేచి చెప్పగలరు. చెప్పించాలి కూడా.

ఇక గ్రహాంతర యాత్రలెందుకన్న ప్రశ్నకు రావాలి. నేనీ వ్యాసం రాస్తున్నది సాతంరాయిలో కూర్చుని. బెంగుళూరు రోడ్డు మీద గగన్‌పహాడ్ దాటి శంషాబాదు చేరకముందు వచ్చే ఊరు ఇది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలయింది. దాని విస్తీర్ణం సుమారు 5,500 ఎకరాలు. రొకేయా ఊహించిన ఆకాశశకటాలు మా నెత్తిమీద రాత్రింబవళ్లు ఎగురుతూనే వున్నవి. వాటి కింద 2019 నవంబరు 27 రాత్రి, తొండుపల్లి టోల్‌ప్లాజా దగ్గర, ఇంటికి పోతున్న ఒక యువ పశువైద్యురాలిని చెరిచి చంపారు. డిసెంబరు 6 తెల్లవారుజామున నలుగురు నిందితులను పోలీసులు కాల్చి చంపారు. ఆ కాల్పుల మీద పూలు చల్లినవారున్నారు. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికి వచ్చి, పోలీసులు చెప్పిన కథ నమ్మదగినది కాదని తేల్చింది.

ఈ రెండు తేదీల నడుమ జరిగినదొకటి మనం మరచిపోయాం. ఎక్కడికి పోతున్నదీ ఇంట్లో చెప్పి పొమ్మని, జనం వున్నచోటనే నిలబడమని పోలీసులు ఆడవాళ్లకు జాగ్రత్తల పట్టిక విడుదల చేశారు. ఆర్.టి.సి.లో మహిళా ఉద్యోగులకు రాత్రి డ్యూటీలు వేయవద్దని ముఖ్యమంత్రి ఆదేశించారు. అంతా సదుద్దేశమే కావచ్చు. పరిష్కారం మాత్రం ఒకటే: ఆడవాళ్లు లోపలుండండి! రొకేయా కథలో దీనికి జవాబు వున్నది. పిచ్చాసుపత్రి నుండి పిచ్చివాళ్లు తప్పించుకుని ఊరిమీద పడితే, పిచ్చివాళ్లను పట్టి లోపల పెడతారా, బుద్ధిగా వున్నవాళ్లను లోపల పెట్టి వాళ్లను బయట తిరగనిస్తారా అని అందులోని సారా అక్క అడుగుతుంది. 114 సంవత్సరాల తర్వాత మన ప్రభుత్వానికి ఆ ప్రశ్న అడగడం తోచలేదు. మన విమర్శకులకూ తోచలేదు, ఎందుకంటే ఆ కథ వాళ్ల పట్టికలో లేదు. విమానాశ్రయంలో రాత్రి డ్యూటీలు ఊడ్చేవాళ్లకూ, సామాన్లు తనిఖీ చేసేవాళ్లకూ వున్నవి. మా ప్రాంతపు ఆడపిల్లలు ఆ ఉద్యోగాలకు పోతున్నారు. వాళ్లలో కొందరు నా తరగతిలో కూర్చున్నవాళ్లు. రాత్రి ఎవరిది అన్నది వాళ్లకు గ్రహాంతర సమస్య కాదు, తొమ్మిదిన్నర బస్సు సమస్య.

ఇప్పుడు "ఏడుతరాలు" సంగతి. అలెక్స్ హేలీ "రూట్స్" 1976లో వచ్చింది. సహవాసిగారి అనువాదాన్ని హైదరాబాద్ బుక్ ట్రస్టు ప్రచురించింది. వామపక్షాభిమానుల ఇళ్లలో ఆ పుస్తకం లేని ఇల్లు అరుదు. నాకూ ఇష్టమైన పుస్తకమే. అయితే దానిని మనం నిజచరిత్ర అని చదివాం. హెరాల్డ్ కూర్లాండర్ నవలలోని భాగాలు అందులో వున్నవని దావా పడి, 1978లో హేలీ రాజీకి రావలసివచ్చింది. వంశవృక్షంలో నిజమెంత, ఊహ ఎంత అన్న విషయంలో చరిత్రకారులు గట్టి సందేహాలే లేవదీశారు. అందువల్ల ఆ పుస్తకం విలువ పోయిందా? పోలేదు. ఊహతో రాసినది కూడా నిజం చెప్పగలదని మనం ఒప్పుకున్నామన్నమాట, పేరు చెప్పకుండా.

"రూట్స్" వచ్చిన మూడేళ్లకు, 1979లో, ఆక్టేవియా బట్లర్ "కిండ్రెడ్" వచ్చింది. బట్లర్ నల్లజాతి స్త్రీ, ఇళ్లలో పనిచేసిన తల్లి కూతురు. చిన్నాచితకా కూలి ఉద్యోగాలు చేసుకుంటూ రచన నేర్చుకున్నది. ఈ నవలలో డేనా అనే రచయిత్రి 1976లో కాలిఫోర్నియాలో తన ఇంట్లో పుస్తకాలు సర్దుకుంటూ వుండగా ఉన్నట్టుండి నూరేళ్లకు పైగా వెనక్కి, మేరీలాండులోని బానిసల తోటలోకి లాగబడుతుంది. తోట యజమాని కొడుకు రూఫస్ ప్రాణాపాయంలో పడినప్పుడల్లా ఇది జరుగుతుంది. వాడు ఆమెకు ముత్తాతల వరుసలోనివాడు. వాడు బ్రతకాలి, పెరగాలి, ఆలిస్ అనే నల్లజాతి స్త్రీని చెరబట్టాలి, ఆమె కడుపున బిడ్డ పుట్టాలి. లేకపోతే డేనా అనే మనిషే వుండదు. ఆ రూఫస్ దగ్గరికి పొమ్మని ఆలిస్‌కు నచ్చచెప్పే పని చివరకు డేనా మీద పడుతుంది. ఇదీ కథ. ఇందులో కాలయంత్రం లేదు, ఎలా జరిగిందన్న వివరణ లేదు. వున్నదల్లా కొరడా దెబ్బలు తిన్న వీపు, ఆ దెబ్బలకు మనిషి ఎంత త్వరగా అలవాటుపడుతుందో చూసి ఆమె పొందే భయం. బానిసలు తిరగబడలేదేమని తేలికగా అడిగే నేటి మనిషిని రచయిత్రి పట్టుకుపోయి అక్కడ నిలబెట్టింది. కుంటా కింటే వీరుడు. అతనిని చూసి మనం గర్వపడతాం. డేనాను చూస్తే మన మీద మనకు అనుమానం వస్తుంది.

మన సాహిత్యానికి ఈ అనుమానం చాలా అవసరం. నిజాం రాజ్యపు వెట్టిచాకిరీని గురించి, దొరల గడీలను గురించి మనకు నవలలున్నవి. వాటిలో ఎక్కువ భాగం ఎదిరించినవారి కథలు. గడీలో ఆడబాపగా బ్రతికి, లొంగి, బిడ్డను దక్కించుకున్న స్త్రీ లోపల ఏం జరిగిందన్నది మనం రాసినది తక్కువ. ఆమె మనుమరాలి బిడ్డ ఇవాళ శంషాబాదులో డిగ్రీ చదువుతూ వుండవచ్చు. ఆ పిల్ల ఒక మధ్యాహ్నం ఆ గడీలో కళ్లు తెరిస్తే? ఈ ప్రశ్న వేయడానికి "వాస్తవికవాద" నవలకు దారి లేదు. బట్లర్ ఆ దారి వేసి నలభై ఏళ్లు దాటింది.

పలాయనవాదమన్న మాట ఎక్కువగా వాడే మిత్రులు తప్పక చదవవలసినది లెగ్విన్ నవల "ది డిస్‌పొసెస్డ్", 1974లో వచ్చింది. అనారెస్ అనే చంద్రగోళం మీద ఆస్తి లేదు, ప్రభుత్వం లేదు. అక్కడివాళ్లు నూరేళ్లకు పైగా అలా బ్రతుకుతున్నారు. ఆ సిద్ధాంతం రాసినది ఓడో అనే స్త్రీ. జైలు కష్టం చూసిన మనిషి. బూర్జువా రచయిత అయితే ఆ లోకాన్ని నరకంగా చూపేవాడు, ప్రచారకుడైతే స్వర్గంగా చూపేవాడు. లెగ్విన్ రెండూ చేయలేదు. ఆ లోకంలో కరువు వస్తే ఏమవుతుంది, చట్టం లేనిచోట ఇరుగుపొరుగు అభిప్రాయమే చట్టమెలా అవుతుంది, కమిటీలో పాతుకుపోయినవాడు కొత్త ఆలోచనను ఎలా తొక్కిపెడతాడు అన్నవి షెవెక్ అనే భౌతికశాస్త్రవేత్త కథగా చెప్పింది. అయినా ఆ లోకం మీద ఆశ వదులుకోలేదు. కమిటీలలో పనిచేసినవాళ్లకు ఈ పుస్తకంలో పరిచయస్థులు చాలామంది కనిపిస్తారు. అందుకేనేమో పట్టికల్లో చోటు దొరకలేదు.

దీని పక్కన పెట్టి చదవవలసిన తెలుగు పుస్తకం కల్పన కాదు. స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన "మనకు తెలియని మన చరిత్ర". తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ నోటితో చెప్పిన మాటలవి. తుపాకి పట్టిన రోజుల్లో సమానత్వం కళ్లజూసినవాళ్లు, 1951లో పోరాటం విరమించాక ఇళ్లకు పొమ్మనిపించుకున్నవాళ్లు అందులో వున్నారు. విప్లవం మర్నాడు వంట ఎవరు చేస్తారన్న ప్రశ్న వాళ్లు అడిగారు. రొకేయా 1905లో అడిగింది, లెగ్విన్ 1974లో అడిగింది. మన వాస్తవికవాద నవల ఈ ప్రశ్నను దాటేసిపోయింది.

అద్భుత కల్పన మనకు పరాయిది, దిగుమతి సరుకు అనేవారు కూడా వున్నారు. 1955లో హైదరాబాదులోని ఆంధ్ర సారస్వత పరిషత్తు స్త్రీల రామాయణపు పాటల సంపుటి అచ్చువేసింది. ఆ సంప్రదాయంలో ఊర్మిళ పధ్నాలుగేళ్లు నిద్రపోతుంది. నిద్రాదేవి చివరికి పట్టాభిషేక సభలో లక్ష్మణుని దగ్గరికి వస్తే అతనికి నవ్వు వస్తుంది. ఆ నవ్వు తమను చూసేనని సభలో ప్రతివాడూ తన గుట్టు తలచుకుని కుమిలిపోతాడు. వేరొక పాటలో శూర్పణఖ మారువేషంలో వచ్చి సీతచేత రావణుని కాలి బొటనవేలు గీయిస్తుంది. ఆ బొమ్మకు ప్రాణం వచ్చి సీతను వదలదు. ఇంటి పనులు చేసుకుంటూ ఆడవాళ్లు పాడుకున్న అద్భుత కల్పనలివి. వాల్మీకి చెప్పనిదంతా వాళ్లు ఊహించుకున్నారు. ఓల్గా "విముక్త" కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. అందులో ఊర్మిళ నిద్రపోదు. తలుపులు మూసుకుని తనతో తాను తేల్చుకుంటుంది. అడవిలో తోట పెంచుకుంటున్న శూర్పణఖను సీత కలుసుకుంటుంది. పాటలోని శూర్పణఖ పగతో వచ్చినది, కథలోని శూర్పణఖ పగను దాటినది. ఈ మార్పు ఎలా వచ్చిందన్నదానిపై ఒక మంచి పరిశోధన వ్యాసం రాయవచ్చు. విద్యార్థులెవరైనా పూనుకోవాలి.

మంజులా పద్మనాభన్ నాటకం "హార్వెస్ట్"ను గురించి ఒక మాట. 1997లో గ్రీసు దేశపు ఒనాసిస్ బహుమతి పొందిన నాటకమిది. ఉద్యోగం పోయిన ఒక బొంబాయి గుమాస్తా తన శరీరంలోని అవయవాలను అమెరికాలోని కొనుగోలుదారుకు ఒప్పందం మీద రాసిచ్చేస్తాడు. ఇంటినిండా తిండి, సౌకర్యాలు వస్తాయి, కంపెనీ కాపలా కూడా వస్తుంది. చివరికి బేరానికి లొంగనిది భార్య జయ ఒక్కతే. భూమికి ధర వచ్చి, ఇళ్లు మేడలయి, మనుషులు కాపలా ఉద్యోగులయిన మా ప్రాంతంలో ఈ నాటకం ఆడితే ప్రేక్షకులకు వ్యాఖ్యానం అక్కరలేదు. నాలుగైదు పాత్రలు, ఒక గది; విద్యార్థి నాటక సమాజాలకు ఖర్చు కూడా తక్కువే.

పక్షపాతం మన ఒక్కరి జబ్బు కాదు. మేరీ షెల్లీ "ఫ్రాంకెన్‌స్టైన్" 1818లో పేరు లేకుండా వస్తే, రాసినవాడు ఆమె భర్తేననుకుని వాల్టర్ స్కాట్ సమీక్ష రాశాడు. 1969లో "ప్లేబాయ్" పత్రిక లెగ్విన్ కథ వేసుకుంటూ ఆడపేరు కనపడకుండా ఇంటి అక్షరాలవలె యు.కె. అని కుదించింది. జేమ్స్ టిప్‌ట్రీ అనే పేరుతో వచ్చే కథలు మగవాడు తప్ప రాయలేడని 1975లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ అనే పేరున్న రచయిత పీఠికలో తేల్చిచెప్పాడు. రెండేళ్లకు ఆ టిప్‌ట్రీ ఆలిస్ షెల్డన్ అనే స్త్రీ అని బయటపడింది.

ఎదుటివారి వాదనలో నిజమున్న చోటు కూడా చెప్పాలి. మన వారపత్రికలు 1980 ప్రాంతాలలో చేతబడులతో, క్షుద్రదేవతలతో సీరియళ్లు నింపి అమ్ముకున్నవి. "తులసిదళం" వంటి వాటిని రంగనాయకమ్మగారు ఉతికి ఆరేశారు. అది అవసరమైన విమర్శ. నేటికీ రాజకుమారుల, మంత్రదండాల పేర వచ్చే ఇంగ్లీషు సరుకులో ముప్పాతిక భాగం రాచరికానికి రంగులద్దేదే, రాసినది స్త్రీ అయినా సరే. షార్లెట్ గిల్మన్ "హర్‌లాండ్", 1915, గొప్ప నవల అంటారు. మగవాళ్లు లేని ఆ లోకం వెనుక మేలుజాతి సంతానమనే దుర్మార్గపు భావన వున్నది, దానిని దాచిపెట్టి చదివించకూడదు. కాని నాసిరకం వాస్తవికవాద నవలలు వందలు చదివి కూడా మనం వాస్తవికవాదాన్ని వెలివేయలేదు. కల్పన విషయంలో మాత్రం తాలును చూపి ధాన్యాన్ని కూడా పారబోస్తున్నాం.

చివరగా, ఇవి ఎక్కువగా ఇంగ్లీషులో వున్నవి, మా పిల్లలకు అందవు అనే అభ్యంతరం. గోర్కీ తెలుగులో పుట్టలేదు, హేలీ తెలుగులో పుట్టలేదు. కావాలనుకున్నాం గనుక తెచ్చుకున్నాం. పెద్ద నవలలకు హక్కులు, ఖర్చులు వుంటాయి, ఒప్పుకుంటాను. రొకేయా 1932లో చనిపోయింది. మన చట్టం ప్రకారం ఆమె రచనల మీద హక్కులు ముగిసి ముప్పై ఏళ్లు దాటింది. "సుల్తానాస్ డ్రీమ్" ఒక్క పీరియడులో చదివి ముగించగల కథ. దాని అనువాదానికి వచ్చే సంచికలో చోటివ్వవలసిందని సంపాదకవర్గాన్ని కోరుతున్నాను. మా విద్యార్థినులు నలుగురు పని మొదలుపెట్టి సగానికి వచ్చారు. మగవాళ్లను వుంచే చోటికి రొకేయా వాడిన "మర్దానా" అన్న మాటకు తెలుగేమిటన్న దగ్గర ఆగివున్నారు. దానిని అలాగే వుంచమన్నాను. జనానా ఆసుపత్రి, జనానా బోగీ తెలిసిన హైదరాబాదుకు ఆ మాట అర్థం కాకపోదు.